బాపమ్మ లెక్క

తల వంచి లోపలికి రా. దర్వాజ చిన్నది, ఎత్తు మనుషుల నొసటికి సరిగ్గ తగులుతది. చెప్పులు అరుగు కిందనే ఇడువు. ఎండలోంచి వచ్చినవు గదా, జరసేపు ఏం కనిపించదు. కండ్ల కంటె ముందు ముక్కుకు పని పడుతది. తంబాకు ఘాటు తగిలి తుమ్ముతవు. తుమ్మంగనే లోపటి నుంచి మాట: "సల్లగ బతుకు బిడ్డా. ఎవలింటోనివి నువ్వు?"

ఆమే మా బాపమ్మ, మా బాపును కన్నతల్లి. ఇది కోరుట్ల, సాలోళ్ల వాడ. 1990 సెప్టెంబరు, బతుకమ్మ ఐదో రోజు. ఆ మూలకు కూసోని గునుగు పూలకు రంగు అద్దుతున్న పోరడు నేనే. నన్ను పట్టించుకోకు. ఆమెను చూడు.

గోడకు ఈపు ఆనిచ్చి, ఒక కాలు సాపి, ఒక కాలు మడిచి కూసున్నది. ఒళ్లో చాట. చాటలో ఒక దిక్కు తంబాకు, ఇంకో దిక్కు కత్తిరించిన తునికాకు, అంచుకు దారపు ఉండ. ఆకును రాత్రే నీళ్లల్లో నానబెట్టి తడి గోనెసంచిలో చుట్టిపెట్టింది. పొద్దుగాల లేచి, రేకుముక్కను ఆకు మీద పెట్టి, దాని కొలతకు కోసింది. ఈనె మందంగ ఉన్నకాడ కత్తెర మొనతోని గీకింది. నువ్వు వచ్చేసరికే ఇదంత అయిపోయింది, ఇప్పుడు చుట్టుడే మిగిలింది.

చేతులు చూడు. ఎడమ చేతిలో ఆకు, కుడి చేతి మూడు వేళ్ల నడుమ చిటికెడు తంబాకు. పోసిందా, మూల మడిచిందా, బొటనవేళ్ల కింద ఒక్క దొర్లుడు, దారం రెండు చుట్లు, తెంపుడు. ఆఖరుకు మూతి మలుచుడు. దానికోసమే కుడి బొటనవేలి గోరు పెంచుకుంటది. ఆ గోరు అంచు తంబాకుతోని గోధుమరంగుకు తిరిగింది, ఎంత తోమినా పోదు. ఇంత పని జరుగుతుంటే ఆమె చూపు ఒక్కసారి కూడ చాటలో పడలేదు. దర్వాజ దిక్కే ఉన్నది. పోస్టుమాన్ వచ్చే యాళ్ల ఇది.

25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలకు వెయ్యి. బాపమ్మకు ఇంతకు మించిన చదువు లేదు, దీంట్లో ఆమెను మోసం చేసినోడు కూడ లేడు. కోరుట్ల అంటే ఒకప్పుడు కాగితానికి పేరు. నిజాం జమానాలో పట్వారీల లెక్కల బుక్కులకు ఇక్కడ చేసిన చేతికాగితమే వాడేది. మా ఇంట్లో మాత్రం లెక్కంతా గోడ మీదనే. అగో, దీపపు గూటి కింద చూడు: బొగ్గుతోని గీసిన గీతలు. ఒక్కో గీత వెయ్యి బీడీలు. గీతలు అయిదు కాంగనే అడ్డంగ ఒక కొట్టుడు. పండుగకు ఇల్లంత సున్నం వేస్తరు గని ఆ జాగ మీద కుంచె పడనియ్యదు. కార్ఖానలో లెక్క తేడా వస్తే సేటు బుక్కు తప్పుతది, ఈ గోడ తప్పదు.

కార్ఖానలో ఏరేటాయన ఉంటడు. కట్ట ఇప్పి, సన్నగ ఉన్నదని ఒకటి, ఆకు చినిగిందని ఒకటి తీసి పక్కకు పడేస్తడు. పడేసినవాటికి పైసలు రావు. ఇంటికొచ్చినంక బాపమ్మ అడుగుతది, గోడనో నన్నో తెలవదు: "పనికిరానియ్యి ఏడికి వోతయిరా? పొయ్యిలకు వోతయా? తాగేటోని నోట్లెకే వోతయి."

ఇది ఒక్క మా ఇంటి సంగతి గాదు. అటు నిజామాబాద్ నుంచి పట్టుకొని మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ఇటు సిరిసిల్ల దాక ఏ గల్లీకి పోయినా అరుగుల మీద చాటలే. కొత్తగ లేచిన డాబాలను చూపించి జనం "దుబాయి పైసలు" అంటరు. ఆ మాట సగమే నిజమని నాకు అనిపిస్తది. దుబాయి పోవాలంటే వీసాకు, ఏజెంటుకు, బొంబాయిలో నెలల కొద్ది పడిగాపులకు ముందుగాల పైసలు కావాలె. కొన్ని పొలం అమ్మినయి, కొన్ని మిత్తికి తెచ్చినయి, మిగిలినయి ఇగో, ఈ చాటలోవి. బీడీ పైసలతోని కట్టిన్రని ఏ డాబా గురించీ ఎవ్వరూ అనరు. బాపమ్మ అంటది: "మీ కాకను తీస్కవోయింది ఇమానం గాదురా. బీడీలు."

మా కాక, అంటే మా బాపు తమ్ముడు, కువైట్‌లో ఉన్నడు. ఉన్నడో లేడో ఇప్పుడు తెలవదు. ఆగస్టు 2న సద్దాం ఫౌజు కువైట్ మీద పడ్డనాటి నుంచి ఉత్తరం లేదు, డ్రాఫ్టు లేదు. బాపు రేడియో చెవికి పెట్టుకొని వింటడు. వార్తలు అయిపోంగనే బాపమ్మ ఆయన మొఖం చూస్తది. ఆయన తల అడ్డంగ ఊపుతడు. ఆమె మళ్ల ఆకు పడుతది.

పొద్దుగూకింది. ఇయ్యాల అట్ల బతుకమ్మ, కాబట్టి అట్లు పోసింది. నువ్వు కూడ రెండు తిను, బెల్లం అద్దుకో. వాడకట్టు ఆడోళ్లందరు చెరువు నుంచి తిరిగొచ్చిన్రు. ఇప్పుడు గూట్లోంచి తెల్లగుడ్డ కప్పిన టేపురికార్డు దించుతరు. కాక మొదటిసారి సెలవుల మీద వచ్చినప్పుడు తెచ్చింది. బాపమ్మకు ఉత్తరం సదువరాదని కాక క్యాసెట్లే నింపి పంపుతడు. ఆఖరుది ఉగాదికి వచ్చింది.

మీట నొక్కంగనే ముందు ఏదో మిషన్ చప్పుడు, ఎవరో దూరంగ హిందీలో నవ్వుడు. ఆ తర్వాత కాక.

"అవ్వా, బాగున్నవా?"

టేపు ఊరుకుంటది. జవాబుకు జాగ ఇడిచిండు.

"బాగున్న కొడుకా," అంటది బాపమ్మ.

"తిన్నవా?"

"ఇప్పుడే. అట్లు వోసిన, పిలగాడు నాలుగు తిన్నడు."

"మోకాళ్లు ఎట్లున్నయి?"

"వాటికేం రోగం, ఉన్నయి. ఎక్కుడు దిగుడే అయితలేదు గని..."

ఈ జాగ కాక తక్కువ ఇడిచిండు. ఆమె మాట మీదనే ఆయన మాట వచ్చి పడుతది. "ఆగురా, జెప్పనీ," అని చెయ్యి ఎత్తుతది టేపు మీదికి. నేను నవ్వుత. మా అమ్మ నవ్వది. పొంటె పొంటె కూసున్న పక్కింటోళ్లు ఎవ్వరూ నవ్వరు. ఉగాదికి వచ్చిన టేపుకు సద్దాం సంగతి తెలవదు. బాపమ్మ కూడ దానికి చెప్పదు. అడిగినదానికి జవాబు చెప్పి, "పైలం కొడుకా" అని, మీట తనే ఒత్తి బందు చేస్తది. బతుకంతా మిషన్ ముట్టని మనిషి ఆ ఒక్క మీట గుర్తుపట్టుడు నేర్చుకున్నది.

*

తెల్లారింది. లే. ఆరో రోజు బతుకమ్మ ఆడరు, అలిగిన బతుకమ్మ అంటరు. ఎవ్వరూ పూలు పేర్చరు. బాపమ్మ అప్పటికే తలకు నూనె పెట్టుకొని, ముతక చీర కట్టుకొని, చేతిసంచి సదురుకున్నది. "అలిగినామె కాడ కూసోని ఏం జేస్తం? నడువుండ్రి, జగిత్యాలకు వోదం. ఎవడో దుబాయినుంచి తిరిగొచ్చిండట." ఆమెకు సముద్రం అవతల ఉన్నదంత దుబాయే.

ఎర్రబస్సు. కిటికీ పక్క సీటు నీకు ఇస్త, కూసో. రోడ్డుకు రెండు దిక్కుల పసుపు చేన్లు, వెడల్పాటి ఆకులు దుమ్ము పట్టి ఉన్నయి. నడుమ నడుమ మక్కచేన్లు, కాలువ నీళ్లు పారేకాడ వరి. బాపమ్మ సంచిలో ఏమున్నదో చూస్తవా? కత్తిరించిన ఆకు, తంబాకు పొట్లం, దారం. చాట తేలేదు, చాటకు బదులు పళ్లెం తెచ్చింది. పోయినకాడ కూసుంటే వట్టిగ కూసోవద్దు గదా.

జగిత్యాలలో మా అత్త ఇల్లు ఖిల్లా దగ్గర. ఈ ఖిల్లాను చూడు, ఎల్గందుల ఏలిన ఇబ్రహీంఖాన్ ధంసా 1747 ప్రాంతంలో ఫ్రెంచి ఇంజినీర్లతోని కట్టించిందంటరు. మిగతా కోటల తీరుగ గుట్ట మీద లేదు, సాపు నేల మీద నక్షత్రం ఆకారంలో ఉన్నది. చుట్టూ కందకం, లోపట ఫిరంగులు. మామూలుగ అయితే నేను ఫిరంగి మీద ఎక్కేదాక ఇంటికి పోను. ఇయ్యాల బాపమ్మ నా రెక్క ఇడుస్తలేదు.

అత్త ఇంటికి మూడిండ్ల అవతల జనం. వాకిట్లో నులకమంచం, మంచం మీద ముప్పై ఏండ్ల మనిషి. గడ్డం పెరిగింది, పెదవులు పలిగినయి. గల్లీ గల్లీ నుంచి వచ్చినోళ్లు చుట్టూ నిలబడ్డరు, అందరి చేతుల్లో ఫోటోలు. కొడుకు ఫోటో, మొగుని ఫోటో, అల్లుని ఫోటో. ఒక్కొక్కటి ఆయన మొఖం ముందు పెడుతున్నరు. ఆయన ఓపికతోనే చూస్తున్నడు. జరుగు, మనకు కూడ వినబడుతది.

కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బగ్దాద్, బగ్దాద్ నుంచి జోర్డాన్ సరిహద్దు. బస్సులల్లో. కంపెనీ వాళ్లు ముందే జాడ లేకుండ పోయిన్రు, పాసుపోర్టులు వాళ్ల అలమారలోనే ఉండిపోయినయి. ఎడారిలో డేరాలు, పగలు నిప్పు, రాత్రి చలి. నీళ్ల లారీ వస్తే కొట్లాట. అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానం. ఆగస్టు నడుమ నుంచి అక్టోబరు దాక ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్‌కు, బొంబాయికి దగ్గర దగ్గర 500 సార్లు తిరిగినయని, లక్షమందికి పైగా మనోళ్లు అట్ల బయటపడ్డరని తర్వాత సదివిన. ఆ వాకిట్లో నిలబడ్డప్పుడు మాకు కనిపించింది మాత్రం ఒక్కడే.

బాపమ్మ వంతు వచ్చింది. ఆమె ఫోటో తేలేదు. "మావోడు కోరుట్లోడు. ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంటది, చిన్నప్పుడు మగ్గం గుంటల వడ్డడు," అన్నది.

ఆయన కండ్లు మూసుకొని జరసేపు ఆలోచించిండు. "చూసినవ్వా. బగ్దాదుల బస్సులెక్కేకాడ. నేనొక బస్సు, ఆయనొక బస్సు."

"అంగి ఏ రంగుది?"

"అంగి... యాదికి లేదవ్వా."

చుట్టూ ఉన్నోళ్లు నొచ్చుకున్నరు. ఇంత చేసి వచ్చినోడు ఆమె మనసు నిమ్మలం చేద్దామని ఏదో చెప్పిండు, అబద్ధమై ఉంటదని వాళ్ల మొఖాలల్లోనే తెలుస్తున్నది. బాపమ్మ మాత్రం ఆయన తల మీద చెయ్యి పెట్టి, "నూరేండ్లు బతుకు కొడుకా" అని ఇవతలికి వచ్చింది. తొవ్వలో అత్త ఏడుస్తుంటే కోపం చేసింది: "ఏడుస్తవేందే? వాడు చూసిండు. అబద్ధం చెప్పేటోడైతే ఏదో ఒక రంగు చెప్పేటోడు."

ఆ పగలంత అత్త ఇంటి అరుగు మీద పళ్లెం ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టింది. ఎన్ని కట్టలైనయో నేను లెక్కపెట్టలేదు. పొద్దుగూకంగ లేచి, "రేపు ఎములాడ వోతున్న, ఎవలు వస్తరు?" అన్నది.

*

వేములవాడ. ధర్మగుండం మెట్లు నాచు పట్టి ఉన్నయి, పైలం. తానం చేసి తడి బట్టలతోనే లైన్లో నిలబడాలె. ఈ రాజన్న గుడి కాడ జనం మొక్కే మొక్కు కోడె మొక్కు. కోడె పలుపు పట్టుకొని గుడి చుట్టూ తిప్పి, తీసుకపోయి కట్టేస్తరు. పిల్లలు పుడితే కడతరు, జబ్బు నయమైతే కడతరు, కేసు గెలిస్తే కడతరు. గుడి ఆవరణలోనే దర్గా ఉన్నది. రాజన్నను మొక్కినోళ్లు అక్కడ కూడ ఒక దండం పెట్టి పోతరు. బాపమ్మ కూడ పెట్టింది. "వాడున్నది తురుకోళ్ల దేశంల గదా, ఈయనకు చెప్తె జల్ది ముడుతది," అన్నది. నవ్వులాటకు అన్నదా, నిజంగ అన్నదా, ఇప్పటికీ నాకు అంతుచిక్కలేదు.

మామూలుగ మొక్కు తీరినంక కోడెను కడతరు. బాపమ్మ ముందే కట్టింది. పలుపు చేతిలో పట్టుకొని, కోడె చెవి కాడ నోరు పెట్టి ఏదో చెప్పింది. అది తల ఇదిలిచ్చి ఆమె పైట నమిలింది. "అప్పు ఉంచుకునుడు నాకు చాతగాదు. నేనిచ్చేది ఇచ్చిన. ఇగ ఆయనే నాకు బాకీ," అని పైట గుంజుకున్నది.

పొద్దు వాలంగనే ఊరంత పూలు. వేములవాడలో ఏడో రోజే సద్దుల బతుకమ్మ. మిగతా ఊళ్లల్లో తొమ్మిదో రోజు. ఇక్కడి ఆడబిడ్డలు చుట్టుపక్కల ఊళ్లకు కోడండ్లయి పోయిన్రు, ఆ ఊళ్ల ఆడబిడ్డలు ఇక్కడికి కోడండ్లయి వచ్చిన్రు. ఏడోనాడు ఒక ఇంట్లో, తొమ్మిదోనాడు ఇంకో ఇంట్లో రెండు దిక్కుల ఆడుకోవచ్చు. ఈ ఏర్పాటు చేసింది ఎవలో గని, అత్తగారింట్లో బిక్కమొఖం వేసుకొని కూసున్న పిల్లను చూసినోళ్లే అయి ఉంటరు.

తంగేడు పసుపు, గునుగు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పైన గుమ్మడిపువ్వు, దాని నడుమ పసుపు ముద్ద గౌరమ్మ. తాంబాలాలు మూలవాగు దిక్కు కదులుతున్నయి. చప్పట్లు ఒక్క తాళానికి పడుతున్నయి. బాపమ్మ గొంతు అందరికంటె పైన ఉన్నది, విను. పాట ఎత్తేది ఆమె, మిగతావాళ్లు అందుకునేది. అయితే ఆమె నిలబడ్డ జాగ చూడు. వలయానికి ఒక అడుగు ఇవతల.

మా తాత భీవండిలో సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి నడిపి అక్కడనే పోయిండు. శవం రాలేదు, కార్డు వచ్చింది. ఆనాటి నుంచి బాపమ్మ బతుకమ్మను పేరుస్తది, పాటెత్తుతది, సద్దులు వండుతది. తాంబాలం తల మీదికి ఎత్తుకోదు. గౌరమ్మ పసుపు ఇచ్చిపుచ్చుకునేకాడ ఏదో పని మతికొచ్చినట్టు పక్కకు జరుగుతది. ఎవ్వరూ ఆమెను జరుగమనరు, జరుగొద్దని కూడ అనరు. ఆమె పేర్చినంత నిలువుగ, పువ్వు మీద పువ్వు కుదురుగ వాడకట్టులో ఇంకెవ్వరూ పేర్చలేరు. పేర్చెటందుకు లేని అడ్డం ఎత్తుకునెటందుకు ఎందుకో నాకు సమజ్ కాదు, సమజ్ చేసుకోవాలని కూడ లేదు.

*

సిరిసిల్ల ఊరు కనిపించకముందే వినిపిస్తది. చెవి పెట్టు. టకటక టకటక, ఇండ్ల గోడలల్లోంచి, గల్లీ మూలల నుంచి, ఎడతెగకుండ. సాంచల చప్పుడు. కొత్తగ వచ్చినోళ్లు రాత్రి నిద్రపోలేరు. ఊరోళ్లు మాత్రం కరెంటు పోయి సాంచలు ఆగితే ఉలిక్కిపడి లేస్తరు.

ఇది బాపమ్మ తల్లిగారిల్లు. ఆమె తమ్ముడు, మాకు తాత అయితడు, రేకుల షెడ్డులో నాలుగు సాంచల నడుమ తిరుగుతున్నడు. మాట వినబడదు, సైగలే. తెగిన పోగు అందుకొని ముడేస్తడు, నాడెలో కండె అయిపోతే కొత్తది వేస్తడు. మీసాల మీద, కనురెప్పల మీద నూలు ధూళి. ఆయన భార్య దర్వాజ కాడ కూసోని కండెలు చుడుతున్నది. బాపమ్మ సంచి కింద పెట్టిందో లేదో, ఆమె పక్కన చతికిలబడి కండె అందుకున్నది. ఈ ఇంట్లో పుట్టినప్పుడు సాంచలు లేవు, వాళ్ల నాయిన గుంటమగ్గం మీద నేసేది. రాట్నం తిప్పి కండెలు చుట్టుడు ఆమె బాల్యంలో చేసిన మొదటి పని. ఇన్నేండ్ల తర్వాత కూడ వేళ్లు మరువలేదు. బొటనవేలి మీద బీడీల రంగు, దాని మీదికెల్లి తెల్లటి పోగు జారుతున్నది.

ఈ ఊరి నుంచి కూడ మొగోళ్లు పోయినోళ్లే. ఇక్కడోళ్లు మొదలు భీవండి, బొంబాయి. కోరుట్ల జగిత్యాలోళ్లు దుబాయి. పోనోళ్లు ఇక్కడనే ఉండి అద్భుతాలు నేసిన్రు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది ఈ ఊరే. అట్లాంటి పనితనం ఉన్న ఊరు సాంచల మీద ముతక గుడ్డ మీటర్లకు మీటర్లు నేసి బతుకుడు ఏందో, చేనేత గురించి ఉపన్యాసాలు ఇచ్చేటోళ్లను అడగాలె.

తొమ్మిదో రోజు. సద్దుల బతుకమ్మ. తెల్లారగట్ల నుంచి వంటిల్లు మోగుతున్నది. పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది. రొట్టెలో బెల్లం వేసి దంచి కట్టిన మలీద ముద్దలు. మక్కలు వేయించి ఇసిరిన సత్తుపిండి. బాపమ్మ వాకిట్లో పీట మీద కూసోని పేరుస్తున్నది. అడుగున గుమ్మడాకులు, వాటి మీద తంగేడు వరుస, ఆ పైన గునుగు. కాడలు సమంగ కోస్తది, నడుమ ఖాళీలో ఆకుల ముక్కలు కుక్కుతది, కూలొద్దని. మోకాళ్ల ఎత్తు దాటింది, ఇంకా పేరుస్తున్నది. నేను పూలు అందియ్యలేక అలిసిపోయిన. నువ్వు జరసేపు అందియ్యి.

పొద్దువాలింది. మానేరు వాగుకు పోవాలె. సాంచలు బందు పెట్టిన్రు, ఊరికి ఊరు చప్పుడు లేకుండ ఉన్నది, ఇప్పుడు పాటలే వినిపిస్తున్నయి. తాత భార్య కొత్త చీర కట్టుకొని వచ్చి తాంబాలం కాడ వంగింది. ఎత్తబోయి ఆగింది. నడుం మీద చెయ్యి పెట్టుకొని బాపమ్మ దిక్కు చూసింది.

"వదినా, నాతోని గాదు. మస్తు బరువున్నది. నువ్వే ఎత్తుకో."

వాకిట్లో పది పదిహేను మంది ఆడోళ్లు. మాటలు ఆగినయి. ఆమె పొద్దుగాలనే రెండు బిందెల నీళ్లు నెత్తి మీద, ఒకటి సంకల పెట్టుకొని వచ్చిన మనిషి. బరువు సంగతి ఎవలికి తెలవదు?

బాపమ్మ కొంగుతోని చేతులు తుడుచుకున్నది. "నేనా?" అన్నది. తమ్ముని దిక్కు చూసింది. ఆయన మీసం మీది నూలు దులుపుకుంట, "అక్కా, పొద్దు వోతున్నది, నడువు" అన్నడు. అంతే.

ఆమె చుట్టబట్ట చుట్టి తల మీద పెట్టుకున్నది. ఇద్దరు ఆడోళ్లు తాంబాలం లేపి పెట్టిన్రు. మెడ నిలబెట్టి, ఒక చెయ్యి పైకి ఆనిచ్చి, వాకిలి దాటింది. వెనుక నుంచి ఎవలో ముసలామె గొణిగింది, "ఇదేం ఇడ్డూరమమ్మా" అని. బాపమ్మ తల తిప్పలేదు, తల తిప్పితే పూలు పడుతయి. నడుసుకుంటనే జవాబు చెప్పింది: "నా మొగడు వోయిండు గని, నా కొడుకు ఉన్నడు. వాని మీద ఎత్తుకుంటున్న."

మానేరు ఒడ్డున మోకాళ్లమంటి నీళ్లల్లోకి దిగింది. తాంబాలం నీళ్ల మీద వొంచి బతుకమ్మను వదిలి, అరచేతితోని ముందుకు నెట్టింది. తాత భార్య గౌరమ్మ పసుపు తీసి, ముందు తను పెట్టుకొని, బాపమ్మ చెంపలకు రెండు దిక్కుల రాసింది. బాపమ్మ ఆ రాత్రి మొఖం కడుగలేదు. పొద్దున బస్సులో కూడ చెవుల కాడ పసుపు ఉన్నది, కండక్టరు చూసి చూడనట్టు టికెట్లు కొట్టిండు.

*

దసరా పోయినంక, అక్టోబరులో, ఒకనాటి పొద్దుగాల కాక వచ్చిండు. బొంబాయి బస్సు దిగి నడుసుకుంట వచ్చిండు, చేతిలో ప్లాస్టిక్ కవరు తప్ప ఏం లేదు. బాపమ్మ ఆకు కత్తిరిస్తున్నది. కత్తెర కింద పెట్టింది. లేవలేదు, మోకాళ్లు పట్టేసినయి. కాకనే వచ్చి ఆమె ముందట కూలబడ్డడు. ఆమె మొదలు ఆయన కనుబొమ్మ మీది గీత తడిమింది, తర్వాత భుజాలు, చేతులు, కాళ్లు, ఏమన్న తక్కువైందా అని. అన్నీ ఉన్నయని తేలినంక అడిగింది: "బగ్దాదుల బస్సు ఎక్కిననాడు ఏం అంగి ఏసుకున్నవురా?"

కాక తెల్లమొఖం వేసిండు. "అంగి ఏడిదవ్వా? నీళ్ల కోసం అమ్ముకున్న. బనీను మీదనే ఎక్కిన."

బాపమ్మ మా అత్తకు కార్డు రాయించింది. రెండే ముక్కలు: తమ్ముడు వచ్చిండు, అంగి లేదట.

అప్పు మాత్రం ఉన్నది. వీసాకు తెచ్చిన మిత్తి పైసలు సగం కూడ తీరలేదు. నాలుగు రోజులు కాక పండుకొని లేచిండు, ఐదోనాడు బాపమ్మ గోడ మీది గీతలు చూపించి లెక్క చెప్పింది: బాకీ ఎంత, ఇప్పటికి బీడీల మీద తీరింది ఎంత, కాక లేనప్పుడు ఎవలెవలికి ఎంత కట్టింది. రెండేండ్లకు కాక మళ్ల పోయిండు, ఈసారి సౌదీ. పోతుంటే ఏడ్వలేదు. ఖాళీ క్యాసెట్లు రెండు సంచిలో పెట్టి, "మాట్లాడేటప్పుడు జర ఎక్కువసేపు ఆగు, నన్ను కూడ మాట్లాడనీ" అన్నది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. స్లాబు పడ్డది, గోడ పోయింది, గీతలు పోయినయి. బాపమ్మ కొత్తింటి వరండాలో మంచం మీద చేరింది, కండ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది, చాట మూలకు చేరింది. 2017లో బతుకమ్మ చీరలు పంచుడు మొదలైంది. రేషన్ దుకాణం నుంచి తెచ్చి మా అమ్మ ఆమె ఒళ్లో పెట్టింది. రంగు అడుగలేదు. కొంగు తీసి రెండు వేళ్ల నడుమ పెట్టి రుద్దింది, అంచు మలిచి చూసింది, పోగు ఒకటి గుంజింది.

"ఇది మా సిరిసిల్లది గాదు."

ఆ మొదటి ఏడు సిరిసిల్ల సాంచలకు అన్ని చీరలు అందక కొన్ని సూరత్ నుంచి తెచ్చిన సంగతి మేం పేపర్లో సదివినం. ఆమెకు ఎవ్వరూ సదివి వినిపించలేదు.

2019లో ఇంకో చీర వచ్చింది. మళ్ల కొంగు రుద్దుడు, అంచు మలుచుడు, పోగు గుంజుడు. ఈసారి జరసేపు ఎక్కువ చూసింది. చీరను మడిచి తల కింద పెట్టుకున్నది.

"ఇది మనదే," అన్నది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది. "నేసినోనికి మీటరుకు ఎంత ముట్టిందట? జర అడిగి చెప్పు."